వేడివైపు వంతు

పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో మా ఆయన నాకు పువ్వులు తెచ్చిన రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మనిషి ఒక సాయంత్రం పనినుంచి వచ్చి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాయితం తీసి, "ఇదిగో, నీకోసం నేపాలీ తెచ్చా" అన్నాడు.

తెమ్మన్నది నేనే. మా లాండ్రీలో నా పక్కకి కొత్తమ్మాయి వచ్చి అప్పటికి మూడు రోజులైంది. ఆ పిల్లకి నేపాలీ తప్ప ఇంకో ముక్క రాదు. నాకేమో నేపాలీ అనే భాష ఒకటుందని తెలుసు, అంతే. మా ఆయన గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్టు నడిపే అతను నేపాలీ. పదేళ్ళుగా మన వాళ్ళ మధ్యే తిరుగుతున్నాడు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడతాడు. "పనిలో వాడే మాటలు నాలుగు రాయించుకు రండి" అని చెప్పి పంపాను.

కాయితంలో పది మాటలున్నాయి, మా ఆయన కోడిగీతల్లో. ఉఠాఊ అంటే ఎత్తు. రాఖ అంటే పెట్టు. యతా అంటే ఇటు, ఉతా అంటే అటు. ఛిటో అంటే తొందరగా. రోక అంటే ఆపు. తాతో అంటే వేడి.

"తాతో అంటే వేడా? మీ తాత గుర్తొచ్చాడు. ఆయనా అంతే కదా, ముట్టుకుంటే భగ్గుమనేవాడు."

"మా తాతదాకా ఎందుకు, నువ్వు లేవూ?" అని ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నా కోపం గురించి ఆయన అబద్ధం చెప్పలేదు. పనిలో కూడా నా వెనకాల నన్ను 'బాయిలరు' అంటారని నాకు తెలుసు. అన్నవాళ్ళెవరో కూడా తెలుసు.

మా పని ఏంటో చెప్పాలి. ఆసుపత్రుల నుంచి పక్కదుప్పట్లు వస్తాయి. ఉతికి, పిండి, తడితడిగా పెద్ద ఇస్త్రీ రోలర్లోకి ఎక్కిస్తారు. రెండోవైపు అవి పొగలు కక్కుతూ బయటికొస్తాయి. అక్కడ ఇద్దరం ఉంటాం. ఒక మనిషి దుప్పటి ముందు అంచు రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడవాలి. రెండో మనిషి రోలర్ నోటి దగ్గరే నిలబడి, చివరి అంచు బయటికి రాగానే ఆ కొసలు అందుకోవాలి. తర్వాత ఒకరికొకరు ఎదురు నడిచి, కొసకి కొస కలిపి, మడత మీద మడత వేసి బల్లమీద పెట్టాలి. గంటకి యాభై దుప్పట్లు.

రోలర్ దగ్గర నిలబడేదాన్ని మేం వేడివైపు అంటాం. చేతికి నూలు తొడుగులు ఇస్తారు కానీ అవి గంటసేపటికి చెమటకి తడుస్తాయి, తడిసిన తొడుగులోంచి సెగ ఇంకా త్వరగా దిగుతుంది. అందుకే ప్రతి గంటకీ గంట కొడతారు. కొట్టగానే ఇద్దరూ వైపులు మారాలి. మారినట్టు గోడమీది చార్టులో ఇద్దరిలో పాతవాళ్ళు టిక్కు పెట్టాలి. ఇది రూలు.

మా వదినతో పదకొండేళ్ళు అలాగే చేశాను. వదిన అంటే వరసకి కాదు, పిలుపుకి. ఆవిడ, నేను మాట్లాడుకోకుండానే మారిపోయేవాళ్ళం. ఒక్కో రోజు నాకు ఒంట్లో బాగా లేకపోతే ఆవిడ నన్ను మారనిచ్చేది కాదు, మోచేత్తో పక్కకి నెట్టేసి తనే ఇంకో గంట నిలబడేది. మోకాళ్ళు సహకరించక ఆవిడ పని మానేశాక ఈ కొత్తమ్మాయి వచ్చింది. నెల రోజులు చూసి, బాగుంటే ఉంచుకుంటారు. లేకపోతే పంపించేస్తారు.

మొదటివారం కొత్తవాళ్ళు వేడివైపే ఉండి కొసలు అందుకోవడం నేర్చుకోవాలనేది మాలో మేం పెట్టుకున్న అలవాటు. నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ వారం అయ్యాక కూడా నేను మారలేదు. రెండోవారమూ మారలేదు. ఎందుకంటే చెప్పడానికి గొప్ప కారణమేం లేదు. చల్లగా ఉంది, హాయిగా ఉంది, ఆ పిల్ల ఏమీ అనడం లేదు. గంట మోగేది, నేను చార్టు దగ్గరికి వెళ్ళి టిక్కు పెట్టేదాన్ని, మళ్ళీ వచ్చి నా వైపే నిలబడేదాన్ని.

ఆ పిల్ల దేనికైనా ఒకటే మాట అనేది. హున్ఛ దీదీ. హున్ఛ అంటే సరే అని, దీదీ అంటే అక్కా అని మా ఆయన రెండో కాయితంలో రాయించుకొచ్చాడు. ఉఠాఊ అంటే హున్ఛ. ఛిటో ఛిటో అంటే హున్ఛ. నేను పది మాటలతో రాజ్యం ఏలేస్తున్నానని మురిసిపోయాను. "నీ నేపాలీ ఎలా ఉంది?" అని మా ఆయన అడిగితే, "నాకేం, గలగలా మాట్లాడేస్తున్నా" అన్నాను.

మూడోవారంలో ఆ పిల్ల చేతులు తడబడటం మొదలైంది. దుప్పటి చివరి అంచు బయటికొస్తుంది, తను అందుకోబోతుంది, కొస జారిపోతుంది. నేలకి తగిలిన దుప్పటి మళ్ళీ ఉతుక్కి వెళ్ళాలి. గంటకి యాభై చెయ్యాల్సినవాళ్ళం నలభై దాటడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఛిటో అని ఒకసారి అనేదాన్ని పదిసార్లు అనేదాన్ని. తను హున్ఛ అనేది, పళ్ళు బిగించి ఇంకో కొస అందుకునేది, అదీ జారేది.

నాలుగోవారం గురువారం సూపర్‌వైజరు నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు. నా తమ్ముడి వయసుంటుంది, మంచివాడే, కానీ లెక్క తప్పితే ఊరుకోడు.

"అక్కా, ఆ అమ్మాయికి శనివారంతో నెలవుతుంది. ఉంచమంటావా, పంపించమంటావా? నువ్వు పక్కన చేస్తున్నావు, నీకే తెలియాలి."

అంతకు పది నిమిషాల ముందే వరసగా మూడు దుప్పట్లు నేలపాలయ్యాయి. ఆ మంటలోనే ఉన్నాను.

"నా వల్ల కాదు సార్. చేతిలో పట్టు లేదు, పనిమీద ధ్యాస లేదు. వేరే మనిషిని చూడండి" అనేశాను.

ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చాక కొంచెం చివుక్కుమంది కానీ, ఉన్నమాటే కదా అని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం భోజనాల వేళ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. అందరూ తిని వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఒక్కతే పంపు దగ్గర ఉంది, నాకు వీపు చేసి. తొడుగు తీసి, దానికింద చుట్టుకున్న గుడ్డపీలిక విప్పుతోంది. పీలిక చర్మానికి అంటుకుపోయి రావడం లేదు. నీళ్ళకింద పెట్టి మెల్లగా లాగుతోంది.

దగ్గరికెళ్ళి చూశాను. కుడిచేతి నాలుగు వేళ్ళూ, అరచేయి పైభాగమూ కాలి బొబ్బలు చితికిపోయి ఉన్నాయి. ఎడమచేయి కొంచెం నయం. ఒక్కరోజు కాలిన చెయ్యి కాదది, రోజూ కాలిందానిమీదే మళ్ళీ కాలిన చెయ్యి.

ఏమైందే అని అడుగుదామని నోరు తెరిచాను. మాట లేదు. నా దగ్గరున్న పది మాటలూ ఒకటొకటే నాలుకమీదికొచ్చాయి. ఎత్తు, పెట్టు, ఇటు, అటు, తొందరగా. ఒక్కటీ అడగడానికి పనికొచ్చేది కాదు. చివరికి, ఆ పీలిక అలా లాగొద్దని చెప్పాలనుకుని, "రోక" అన్నాను.

తను ఉలిక్కిపడి పంపు కట్టేసింది. నీళ్ళు వాడొద్దని అంటున్నాననుకుంది. చెయ్యి వెనక్కి దాచుకుని, నా మొహంలోకి చూస్తూ గబగబా ఒక మాట అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా. ఆ తర్వాత ఎప్పటిలాగే హున్ఛ దీదీ అని, తడి చేతికే తొడుగు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడిపోయాను. గోడమీద నా టిక్కులు నాకే కనబడుతున్నాయి. చార్టు అక్కడ లేదు, అయినా కనబడుతున్నాయి.

ఆ మధ్యాహ్నం గంట మోగకముందే వెళ్ళి ఆ పిల్ల భుజం పట్టుకుని నా వైపుకి నెట్టి, నేను రోలర్ దగ్గర నిలబడ్డాను. తను బిత్తరపోయింది. పనికి పనికిరాదని తీసేస్తున్నాననుకుందేమో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాదని చెప్పడానికీ నా దగ్గర మాట లేదు. నెల రోజుల తర్వాత వేడివైపు నిలబడితే మొదటి అరగంటకే నా వేళ్ళు చురచుర్లాడాయి.

ఇంటికి బస్సులో వెళ్తున్నంతసేపూ ఆ పిల్ల అన్న మాట మర్చిపోకుండా లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. మలాఈ ఘర్ నపఠాఉనుస్. పక్కసీటావిడ నేనేదో మంత్రం జపిస్తున్నాననుకుని కాస్త జరిగి కూర్చుంది. ఇంట్లో అడుగుపెట్టగానే చెప్పులైనా విప్పకుండా మా ఆయనతో, "ఆ ఫోర్క్‌లిఫ్టు తమ్ముడికి ఫోన్ చెయ్యండి" అన్నాను.

"మాటలు అయిపోయాయా అప్పుడే?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగి, ఫోన్ కలిపి ఇచ్చాడు.

"తమ్ముడూ, మలాఈ ఘర్ నపఠాఉనుస్ అంటే ఏంటి?"

"ఎవరన్నారక్కా?"

"నా పక్కన చేసే అమ్మాయి."

"నన్ను ఇంటికి పంపొద్దు అని. మర్యాదగా, బతిమాలి అడగడం అక్కా అది."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను, టిక్కులతో సహా. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. ఆయనకి కూడా ఈ సంగతి తెలియదు. తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

"ఇప్పుడేం చెప్పాలి అక్కా ఆమెకి? రాయిస్తా" అన్నాడు ఫోన్లో తమ్ముడు.

"చెప్పడం కాదు తమ్ముడూ, అడగాలి. ఇన్నాళ్ళూ చెప్పిందే చాలు."

"నాదీ తప్పే అక్కా. పనిలో వాడే మాటలు అని అన్న అడిగితే, బస్తాలు దింపేటప్పుడు మేం అరుచుకునే మాటలే రాసిచ్చా. మనిషితో మాట్లాడే మాటలు కావాలని అనుకోలేదు."

ఆ రాత్రి భోజనానికి ముందు గంటసేపు కూర్చుని నేర్చుకున్నాను. కే భయో, ఏమైంది. కహాఁ దుఖ్యో, ఎక్కడ నొప్పి. డరాఉను పర్దైన, భయపడక్కర్లేదు. బహినీ, చెల్లీ. అబ మేరో పాలో, ఇప్పుడు నా వంతు. చివరగా నేనే అడిగాను, "కుదరదు అనడానికి ఏమంటారు?" అని. హుఁదైన అన్నాడు. మా ఆయన నా పక్కన కూర్చుని, ఒక్కో మాటా నాకు అప్పజెప్పించాడు. ఆ రోజు ఆయన నన్ను ఒక్క ఎత్తిపొడుపు మాటా అనలేదు. అన్నా పడేదాన్ని.

శనివారం పొద్దున్న అరగంట ముందే వెళ్ళాను. ఆ పిల్ల అప్పటికే వచ్చి, బట్టల గది బెంచీమీద తన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నెల పూర్తయిందని తనకీ తెలుసు. పక్కన కూర్చున్నాను. పరీక్ష రాసే పిల్లలా కాయితం తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ మడిచేశాను.

"బహినీ. కే భయో? కహాఁ దుఖ్యో?"

తను నా వైపు తిరిగింది. నేను మళ్ళీ అన్నాను, "డరాఉను పర్దైన."

అంతే, కట్ట తెగింది. మాటలు, ఏడుపు, మళ్ళీ మాటలు. నాకు పదింటిలో ఒకటి కూడా తెలియలేదు. తాతో అన్నది తెలిసింది. హాత్ అంటూ చెయ్యి చూపించింది. పది వేళ్ళూ విప్పి చూపించి దిన్ అంది, పది రోజులు. ఛోరీ అంటూ తన నడుం ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. ఇంటిదగ్గర ఆ ఎత్తు కూతురుంది. అర్థమైనంతవరకు అర్థమైంది, మిగతాది ఊరికే విన్నాను. నా జీవితంలో అడ్డం పడకుండా ఒక మనిషి మాట అంతసేపు వినడం అదే మొదలు.

తర్వాత లేచి తన చెయ్యి పట్టుకుని, కాలనిచోట, అద్దాల గదిలోకి తీసుకెళ్ళాను.

"సార్, గురువారం నేను చెప్పింది తప్పు" అన్నాను.

సూపర్‌వైజరు ఆ పిల్ల చెయ్యి చూసి కుర్చీలోంచి లేచాడు. "ఇదెప్పుడు జరిగింది? నాకెందుకు చెప్పలేదు?"

"తను ఎవరితో చెప్తుంది సార్? చెప్పాలంటే నాతో చెప్పాలి. నాకు ఎత్తు, పెట్టు తప్ప రాదు. నేనే మారలేదు సార్. మొదటిరోజు నుంచి తనే వేడివైపు."

ఆయన అద్దంలోంచి గోడమీది చార్టు వైపు చూశాడు. "మరి గంట గంటకీ టిక్కులున్నాయి."

"నేనే పెట్టాను. అన్నీ అబద్ధాలే."

చెప్పడానికి ముందు చాలా భయపడ్డాను. పన్నెండేళ్ళ ఉద్యోగం, కనీసం మురికిబట్టలు వేరుచేసే గదికి పంపిస్తారనుకున్నాను. ఆయన అరిచుంటే బాగుండేది. అరవలేదు. "నీ నోటినుంచి ఇలాంటిది వింటాననుకోలేదక్కా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

తర్వాత చకచకా తేల్చేశాడు. ఆ పిల్లని నర్సు దగ్గరికి పంపాలి. చెయ్యి మానేదాకా లెక్క చీటీలు అతికించే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. నెల గడువు ఆ తర్వాతనుంచే మళ్ళీ మొదలు. నాకు కాయితంమీద హెచ్చరిక, చార్టులో టిక్కు పెట్టే పని ఇకనుంచి నాది కాదు. "ఈసారి ఆమె బాగా చెయ్యకపోతే మాత్రం పంపించాల్సిందే. అది నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఇదంతా ఆ పిల్లకి చెప్పాలి. నాకొచ్చిన మాటల్ని అటుతిప్పి ఇటుతిప్పి, సైగలు కలిపి, చీటీల బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూపించాను. "ఘర్?" అని అడిగింది భయంగా. "ఘర్ హుఁదైన" అన్నాను, ఇల్లు కుదరదు అని. ఆ వాక్యం తప్పని తర్వాత ఫోర్క్‌లిఫ్టు తమ్ముడు చెప్పాడు. ఆ పూటకి మాత్రం పనికొచ్చింది. తను మొదటిసారి నవ్వింది. పై పన్ను ఒకటి కొంచెం వంకరని అప్పుడే చూశాను.

చెయ్యి మానడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఈలోగా రోజూ భోజనాల దగ్గర తను నాకు నాలుగు మాటలు, నేను తనకి నాలుగు మాటలు. ఆకలి, నిద్ర, వాన, కూతురు, అలసట. తనకి 'బాయిలరు' అన్న మాట కూడా ఎవరో నేర్పారు. నా ముందే అంది, అర్థం తెలియక. తెలిసే అందేమో అని నాకిప్పటికీ అనుమానం.

రోలర్ దగ్గరికి తిరిగొచ్చాక ప్రతి గంటకీ మారాం. "అబ మేరో పాలో" అని నేనే ముందు అనేదాన్ని. తను హున్ఛ అని జరిగేది. బాగానే ఉంది, కానీ నాకు లోపల ఒకటి గుచ్చుతూనే ఉండేది. నేను గుర్తుపెట్టుకుంటేనే తనకి వంతు. నేను మర్చిపోతే? నాకు ఒంట్లో బాగోక, చిరాకులో ఉండి, మళ్ళీ నా బుద్ధి గడ్డి తింటే? తను హున్ఛ అనే అంటుంది, మళ్ళీ చెయ్యి కాల్చుకుంటుంది.

మళ్ళీ నెల నిండే రోజు రానే వచ్చింది. ఆ ఉదయం సూపర్‌వైజరు స్వయంగా వచ్చి అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాడు. నలభై ఎనిమిది అయ్యాయి. నేను నడిచే వైపున్నాను, తను వేడివైపు. నలభై తొమ్మిది. అప్పుడు గంట మోగింది.

ఇంకొక్కటి. ఒక్కటి పడితే యాభై. పక్కనుంచి ఆయన చూస్తున్నాడు. నా ఒంట్లో పాత బాయిలరు రాజుకుంది.

"ఉఠాఊ, ఉఠాఊ. ఛిటో, బహినీ" అన్నాను.

దుప్పటి చివరి అంచు రోలర్ నోట్లోంచి బయటికొస్తోంది. తను దాన్ని అందుకోలేదు. రోలర్ పక్కనున్న మీట నొక్కి ఆపింది. చేతి తొడుగులు తీసి బల్లమీద పెట్టింది. నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, నా చేతుల్లోంచి దుప్పటి ముందు కొసలు రెండూ తీసుకుంది.

"హుఁదైన, దీదీ" అంది. "అబ తపాఈంకో పాలో."

కుదరదక్కా, ఇప్పుడు మీ వంతు. 'నీ' అని చెప్పే తిమ్రో అనకుండా, పెద్దదాన్ని కాబట్టి మర్యాదగా తపాఈంకో అంది.

ఒక్క క్షణం ఒళ్ళు మండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. సూపర్‌వైజరు వైపు చూశాను. ఆయన గోడ దగ్గరికి నడిచి, జేబులోంచి పెన్ను తీసి, చార్టులో ఒక టిక్కు పెట్టి, "రేపట్నుంచి ఈ టిక్కు ఆమెనే పెట్టమను అక్కా" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

తనకి ఆ మాట తెలుగులో అర్థం కాలేదు. నేపాలీలో చెప్పడం నాకు రాలేదు. చెయ్యి మానాక నర్సు తనకిచ్చిన తొడుగుల్లో జతొకటి ఎక్కువుంటే వేసుకుని, వెళ్ళి వేడివైపు నిలబడ్డాను. తను దుప్పటి కొసలు రెండూ గట్టిగా పట్టుకుని, నేను మీట నొక్కేదాకా ఆగింది.

"హున్ఛ, బహినీ" అన్నాను.